సూపర్‌మ్యాన్ సినిమాలు: ఏది ఎలా వేరు? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త సూపర్‌మ్యాన్ సినిమా వచ్చిన ప్రతిసారీ పాత వాదాలు మళ్లీ లేస్తాయి. క్రిస్టఫర్ రీవ్‌ను మించినవారు లేరని ఒకరు, హెన్రీ కావిల్‌కు అన్యాయం జరిగిందని ఇంకొకరు, అసలు ఆ ఎర్ర నిక్కరు ఎందుకని మరొకరు. ఆ వాదాల్లో తరచూ వినిపించే ప్రశ్నలకు జవాబులివి. కథల ముగింపులు ఎక్కడా దాచలేదు. సినిమాలు ఇంకా చూడనివారు ముందే గమనించగలరు.

వెండితెర మీద సూపర్‌మ్యాన్‌గా ఎవరెవరు నటించారు?

మొదటివారు కర్క్ ఆలిన్. 1948లో కొలంబియా సంస్థ తీసిన 15 భాగాల సీరియల్‌లోనూ, 1950లో వచ్చిన దాని కొనసాగింపులోనూ ఆయనే. ఆ రోజుల్లో సీరియల్ అంటే టీవీ కాదు, వారానికో భాగం చొప్పున సినిమా హాల్లోనే వేసేవారు. 1951లో జార్జ్ రీవ్స్ ఒక చిన్న సినిమాలో ఈ పాత్ర వేసి, 1952 నుంచి 1958 వరకు టీవీలో అదే పాత్రలో ఇంటింటికీ తెలిసిపోయారు. తరవాత క్రిస్టఫర్ రీవ్ (1978, 1980, 1983, 1987), బ్రాండన్ రౌత్ (2006), హెన్రీ కావిల్ (2013, 2016, 2017, మళ్లీ 2021), డేవిడ్ కొరెన్‌స్వెట్ (2025).

టీవీ ధారావాహికల్లో వేసినవారిని, యానిమేషన్ చిత్రాలను ఇక్కడ కలపలేదు. అవి కలిపితే ఈ పేజీకి అంతుండదు.

అసలు సూపర్‌మ్యాన్ ఎలా ఉంటాడో కామిక్స్‌లో ఉంది కదా? దానితో పోల్చి ఏ సినిమా నిజమైనదో తేల్చవచ్చు కదా?

తేల్చలేం. క్లీవ్‌లాండ్‌కు చెందిన ఇద్దరు కుర్రవాళ్లు జెర్రీ సీగెల్, జో షూస్టర్ సృష్టించిన ఈ పాత్ర 1938 జూన్ సంచికతో యాక్షన్ కామిక్స్‌లో అడుగు పెట్టింది. హక్కుల కింద వారికి దక్కింది 130 డాలర్లు. ఆ తొలి కథల్లో సూపర్‌మ్యాన్ ఎగరడు, గెంతుతాడు. గ్రహాంతర శత్రువులూ లేరు. భార్యను కొట్టే మొగుడికి బుద్ధి చెబుతాడు, అవినీతి రాజకీయాన్ని బయటపెడతాడు, అన్యాయంగా మరణశిక్ష పడిన స్త్రీని కాపాడతాడు. మనిషి కాస్త మొరటు కూడా.

ఎగరడం 1941లో ఫ్లైషర్ సోదరుల కార్టూన్లతో స్థిరపడింది. అడుగడుగునా గెంతించడం కన్నా ఎగిరించడమే బొమ్మలు గీసేవారికి తేలిక. సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే క్రిప్టొనైట్ 1943లో రేడియో నాటకంలో పుట్టింది. అంటే ఈ పాత్రకు మనం ప్రాణమనుకునే లక్షణాలు కొన్ని కామిక్స్‌లోకి బయటినుంచే వచ్చాయి. కనుక ‘మా సూపర్‌మ్యాన్ ఇలా చేయడు’ అనేవారిని ఏ సంవత్సరపు సూపర్‌మ్యాన్ అని ముందు అడగాలి.

మరి ఈ సినిమాలను దేనితో కొలవాలి?

పోరాటాలతో కొలిస్తే సాంకేతికత పెరిగినకొద్దీ కొత్త సినిమానే గెలుస్తుంది. బాల్యంలో చూసిన మమకారంతో కొలిస్తే పాతదే గెలుస్తుంది. రెండూ వదిలి నేను చూసేది ఒకటుంది: ఆ సినిమాలో ఏ తండ్రి మాట నెగ్గింది?

సూపర్‌మ్యాన్‌కు తండ్రులు ఇద్దరు. క్రిప్టాన్ గ్రహం పేలిపోతుంటే పసిబిడ్డను భూమికి పంపిన జోర్-ఎల్ ఒకరు, కాన్సస్ పల్లెలో పెంచి పెద్ద చేసిన రైతు జొనాథన్ కెంట్ మరొకరు. దేవకీ వసుదేవులకు పుట్టి నందగోకులంలో పెరిగిన పిల్లవాడి కథ వింటూ పెరిగిన మనకు ఈ అమరిక విడమరచి చెప్పనక్కరలేదు. ముప్పు ముంచుకొచ్చేలోపు బిడ్డను దాటించిన కన్నవారు, సొంత బిడ్డకన్నా మిన్నగా చూసిన పెంచినవారు. దర్శకుడు మారినప్పుడల్లా ఈ ఇద్దరిలో ఎవరి వైపు మొగ్గుతాడో చూస్తే సినిమా గుణం బయటపడుతుంది.

1978 సినిమాలో ఇద్దరి మాటలూ సూపర్‌మ్యాన్ చెవిలో ఉంటాయి. మానవ చరిత్రలో జోక్యం నిషిద్ధమని జోర్-ఎల్ ఆజ్ఞ. నువ్వు ఇక్కడికి రావడానికి ఏదో కారణం ఉందని జొనాథన్ నమ్మకం. జొనాథన్ గుండెపోటుతో కుప్పకూలినప్పుడు ఇన్ని శక్తులుండీ నాన్నను కాపాడలేకపోయానని ఆ కుర్రవాడు కుమిలిపోతాడు. చివర భూకంపంలో ప్రియురాలు, విలేకరి లోయిస్ లేన్ చనిపోయినప్పుడు ఆకాశంలో రెండు గొంతులూ వినిపిస్తాయి. రైతు మాట నెగ్గుతుంది. కాలం వెనక్కి తిరుగుతుంది.

2013 నాటి ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ దీన్ని తిరగేసింది. కెవిన్ కాస్ట్నర్ పోషించిన జొనాథన్‌కు భయమెక్కువ. నదిలో పడిన స్కూలు బస్సును బయటికి తోసిన కొడుకు ‘మరి వాళ్లను చావనివ్వమంటారా’ అని అడిగితే ‘ఏమో’ అంటాడు. కొడుకు రహస్యం బయటపడకూడదని, రావద్దని చెయ్యెత్తి సైగ చేసి సుడిగాలికి బలైపోతాడు. లోకానికి ఆశాకిరణం కమ్మని పురికొల్పేది రసెల్ క్రో పోషించిన జోర్-ఎల్. కన్నతండ్రి నెగ్గిన సినిమా అది. కావిల్ సూపర్‌మ్యాన్ నేలమీద నిలబడ్డప్పుడు కూడా ఎక్కడో పైనున్నట్లు కనిపించడానికి కారణం అదేననిపిస్తుంది.

2025లో దర్శకుడు జేమ్స్ గన్ మరో మలుపు తిప్పారు. కన్నవారి సందేశంలో సగం చెడిపోయి ఉంటుంది. మిగిలిన సగమే వింటూ, మంచి చేయడానికే తనను పంపారని సూపర్‌మ్యాన్ నమ్ముతాడు. సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ ఆ పోయిన సగాన్ని బయటికి తీస్తే, భూమిని ఏలమని, వంశాన్ని పెంచమని చెప్పినట్లు తేలుతుంది. కుంగిపోయిన కొడుకుకు ఇంటిదగ్గర జొనాథన్ చెప్పేది చాలా మామూలు మాట: పిల్లలు ఏం కావాలో నిర్ణయించడం కన్నవారి పని కాదు. సినిమా మొదట్లో గాయాలు మానడానికి పడుకున్న సూపర్‌మ్యాన్‌కు ఊరటగా జోర్-ఎల్ దంపతుల సందేశం వేస్తారు. చివర అమ్మానాన్నల వీడియో వేయమన్నప్పుడు తెరమీద కనిపించేది కెంట్ దంపతులు పిల్లవాడిని ఆడిస్తున్న ఇంటి వీడియోలు. నందయశోదల పూర్తి విజయం.

భూమిని వెనక్కి తిప్పితే కాలం వెనక్కి పోవడం మరీ విడ్డూరం కాదా?

విడ్డూరమే. ఆ ముగింపును మొదట రెండో భాగం కోసం అనుకుని, తరవాత మొదటి భాగానికి తెచ్చారు. అతుకు కనబడుతుంది. అయినా ఆ క్షణంలో రీవ్ అరుపు, ఆ ముఖం చూసి భౌతికశాస్త్రం గురించి ఆలోచించేవారు సినిమా చూడడం మానుకోవచ్చు.

కళ్లద్దాలు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరా?

అన్నిటికన్నా ఎక్కువ అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పిన నటుడు రీవ్ ఒక్కరే. సూపర్‌మ్యాన్ మామూలు మనిషిగా తిరిగే క్లార్క్ కెంట్ వేషంలో ఆయన భుజాలు కుంగుతాయి, వెన్ను వంగుతుంది, గొంతు సన్నబడుతుంది, పాపిడి కూడా రెండో వైపుకు మారుతుంది. 1938 నాటి ఒక హాస్యచిత్రంలో క్యారీ గ్రాంట్ వేసిన తడబాటు మనిషిని దృష్టిలో పెట్టుకుని ఈ క్లార్క్‌ను తయారు చేసుకున్నానని రీవ్ చెప్పారు. లోయిస్ ఇంట్లో ఒక సన్నివేశం ఉంది. ఆమె పక్క గదిలో ఉండగా క్లార్క్ నిజం చెప్పేయాలనుకుని కళ్లద్దాలు తీస్తాడు. మనిషి నిట్టనిలువుగా లేస్తాడు, ముఖం మారుతుంది, గొంతు లోతవుతుంది. అంతలో ధైర్యం చాలక కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ కుంచించుకుపోతాడు. మధ్యలో కెమెరా మాయ ఏమీ లేదు, ఉన్నదంతా నటనే. సూపర్‌మ్యాన్ సినిమాలన్నిటిలో నాకు అద్భుతమనిపించే దృశ్యం అదే, అందులో ఎవరూ ఎగరరు.

‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ ఈ ప్రశ్నను తెలివిగా తప్పించింది. అందులో లోయిస్ ముందుగానే ఆచూకీ తీసి క్లార్క్ ఎవరో తెలుసుకుంటుంది. కళ్లద్దాలతో డెయిలీ ప్లానెట్ పత్రికలో చేరడం చివరి నిమిషాల్లోనే. 2025 సినిమాలో ఆ కళ్లద్దాలకు చూసేవారి కళ్లు కప్పే గుణముందని ఒక మాటలో తేల్చేశారు. కామిక్స్‌లో పాత ఆధారమున్న చమత్కారమే, కానీ రీవ్ శరీరంతో చేసిన పనిని ఒక పరికరానికి అప్పగించినట్లయింది.

1978లో గ్రాఫిక్స్ లేవు. మరి ఎగరడం ఇప్పటికీ ఎందుకు నమ్మబుద్ధి అవుతుంది?

1948 సీరియల్‌లో ఎగరాల్సి వచ్చినప్పుడు నటుడు మాయమై కార్టూన్ బొమ్మ ఎగిరేది. అది అందరికీ తెలిసిపోయేది. 1978కి వచ్చేసరికి దర్శకుడు రిచర్డ్ డానర్ పట్టుదలంతా ‘నమ్మేలా ఉండాలి’ అన్నదొక్కటే. మనిషి ఎగరగలడని నమ్ముతారంటూ ప్రచారం చేసిన సినిమా, అక్కడ తప్పితే ఇంకేమీ మిగలదు.

నటుణ్ణి తీగలకు వేలాడదీయడం, వెనక తెరమీద ఆకాశం వేయడం పాత పద్ధతులే. జొరాన్ పెరిసిచ్ కనిపెట్టిన పద్ధతి వాటికి ప్రాణం పోసింది. దృశ్యాన్ని వేసే ప్రొజెక్టర్‌కూ, చిత్రించే కెమెరాకూ జూమ్ కటకాలు బిగించి రెండూ ఒకేసారి కదిలేలా జతచేశారు. వెనకనున్న దృశ్యం ఉన్నంతలోనే ఉంటుంది, మధ్యలో ఉన్న మనిషి మాత్రం దూరంనుంచి మీదికి దూసుకొచ్చినట్లు కనబడతాడు. నిజానికి నటుడు ఉన్నచోటే ఉన్నాడు. దీనికి తోడు రీవ్ స్వయంగా విమానం నడపగలవారు. మలుపు తిరిగేటప్పుడు ఒళ్లు ఎటు వాలాలో ఆయనకు తెలుసు. సినిమాకు దృశ్యమాయలకు గాను ప్రత్యేక ఆస్కార్ దక్కింది.

కావిల్ తొలిసారి ఎగిరే ఘట్టంలో వేగముంది, పడిలేచే సరదా ఉంది. ఊగే కెమెరా, హఠాత్తుగా దగ్గరయ్యే జూమ్ వల్ల ఎవరో కింద నిలబడి తీసినట్లుంటుంది. అది మంచి ఊహే. కానీ ఆ తరవాతి గంటలో అందరూ అంత వేగంగానే ఎగురుతూ ఢీకొంటుంటే ఎగరడంలోని విశేషం పోయింది.

‘సూపర్‌మ్యాన్ 2’కు రెండు రూపాలు ఎందుకున్నాయి?

మొదటి రెండు సినిమాలనూ ఒకేసారి చిత్రీకరించడం మొదలుపెట్టారు. మొదటిది విడుదలయ్యాక నిర్మాతలు సాల్కైండ్‌లకు, డానర్‌కు పొసగలేదు. రెండోదాన్ని చాలావరకు తీసిన డానర్‌ను తప్పించి రిచర్డ్ లెస్టర్‌ను పెట్టారు. లూథర్‌గా వేసిన జీన్ హాక్మన్ మళ్లీ చిత్రీకరణకు రాలేదు. జోర్-ఎల్‌గా వేసిన మార్లన్ బ్రాండో మొదటి సినిమాకు 37 లక్షల డాలర్లతో పాటు వసూళ్లలో వాటా మాట్లాడుకున్న మనిషి. ఆయన దృశ్యాలను రెండో భాగంలోంచి తీసేశారు. అలా 1980లో వచ్చిన సినిమాలో కొడుకు తన శక్తులు వదులుకోవడం గురించి చెప్పుకునేది తల్లి లారాతో.

2006లో డానర్ కూర్పు బయటికొచ్చింది. అందులో బ్రాండో తిరిగొచ్చాడు. శక్తులు పోగొట్టుకున్న కొడుకుకు తనలో మిగిలిన చివరి శక్తిని ధారపోసి తండ్రి అంతర్ధానమయ్యే దృశ్యం అందులోనే ఉంది. పైన చెప్పిన కొలమానం ప్రకారం ఆ ఒక్క దృశ్యం లేకపోవడమే లెస్టర్ సినిమా లోపం. అయితే డానర్ కూర్పు సాఫీగా ఉండదు. ఒక కీలక ఘట్టం చిత్రీకరించనే లేదు గనుక రీవ్, మార్గో కిడ్డర్ నటించిన పరీక్షా చిత్రాన్నే అతికించారు. రీవ్ ఒళ్లు, జుట్టు షాటు షాటుకూ మారుతుంటాయి. ముగింపులో మళ్లీ కాలాన్ని వెనక్కి తిప్పుతారు.

మొదట లెస్టర్‌ది చూడండి, నచ్చితే డానర్‌ది చూడండి.

మూడు, నాలుగు భాగాలు చూడాలా?

మూడోదానిలో ఒకే మనిషి రెండుగా చీలి చెడ్డ సూపర్‌మ్యాన్, మంచి క్లార్క్ పాత కార్ల గుట్టల మధ్య కొట్టుకునే ఘట్టం చూడండి. నాలుగోది అణ్వాయుధాల మీద సదుద్దేశంతో మొదలై బడ్జెట్ కోతకు బలైంది. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ పట్టణాన్ని అమెరికా మహానగరమని నమ్మించబోయారు. వదిలేయవచ్చు.

2006 నాటి ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’ కొనసాగింపా, కొత్త కథా?

మొదటి రెండు సినిమాలకు కొనసాగింపు, మూడు నాలుగు జరగనట్లే. అయిదేళ్లు కనిపించకుండా పోయిన సూపర్‌మ్యాన్ తిరిగొచ్చేసరికి లోయిస్‌కు కొడుకున్నాడు. పైగా ‘ప్రపంచానికి సూపర్‌మ్యాన్ ఎందుకు అక్కర్లేదు’ అన్న వ్యాసానికి ఆమె పులిట్జర్ అందుకోబోతున్నది. బ్రాండో పాత దృశ్యాలు మళ్లీ వాడారు. జోర్-ఎల్ తనకు చెప్పిన మాటలనే సూపర్‌మ్యాన్ నిద్రపోతున్న కొడుకుకు చెబుతాడు.

ఈ సినిమాను బోరని కొట్టిపారేసేవారే ఎక్కువ. 154 నిమిషాల్లో సూపర్‌మ్యాన్ ఎవరినీ ఒక్క గుద్దు కూడా గుద్దడన్నది నిజం. కానీ కూలిపోతున్న విమానాన్ని ఆపి బేస్‌బాల్ మైదానంలో దించే ఘట్టానికి సాటి రాగల రక్షణ దృశ్యం తరవాతి సినిమాల్లో లేదు. దీని లోపం వేరు. బ్రాండన్ రౌత్‌ను రీవ్‌కు నీడగా నిలబెట్టారు తప్ప సొంతంగా ఏమీ చేయనివ్వలేదు.

‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో క్రిప్టాన్ నుంచి వచ్చిన శత్రువు జాడ్ మెడ విరిచేయడం సూపర్‌మ్యాన్‌కు తగునా?

వాదన రెండు వైపులా అనుకున్నంత సూటిగా లేదు. పాత సూపర్‌మ్యాన్ ఎవరినీ చంపలేదంటారు. 1980 సినిమా చివర శక్తులు పోయిన జాడ్, అతని అనుచరులు మంచుకోట అగాధంలోకి జారిపోతారు. వాళ్లను పోలీసులు తీసుకెళ్లే దృశ్యం చిత్రీకరించి తీసేశారు. కాబట్టి హాల్లో కూర్చున్న ప్రేక్షకుడికి వాళ్లు చచ్చినట్లే. సంగీతం హుషారుగా ఉంది గనుక ఎవరూ పట్టించుకోలేదు. కామిక్స్‌లోనూ 1988లో జాన్ బర్న్ రాసిన కథలో సూపర్‌మ్యాన్ ముగ్గురు క్రిప్టాన్ నేరస్థులకు తన చేతులతోనే మరణశిక్ష వేస్తాడు.

2013లో తేడా ఏమిటంటే ఆ చావును దాచలేదు. ఒక కుటుంబాన్ని కాల్చబోతున్న జాడ్‌ను ఆపడానికి వేరే దారి లేక చంపి, మోకాళ్ల మీద కూలబడి సూపర్‌మ్యాన్ గావుకేక పెడతాడు. నాకు ఆ దృశ్యంతో పేచీ లేదు. పేచీ అంతకు ముందుదానితో. నగరం నగరమంతా కూలుతున్నా అందులో ఉన్నవాళ్ల వైపు సూపర్‌మ్యాన్ తలతిప్పి చూడడు. ఆఖరి నలుగురి కోసం పడ్డ వేదన అందుకే అతకదు. ఈ విమర్శ దర్శకుడు జాక్ స్నైడర్‌కు తగిలినట్లే ఉంది. 2016లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ అదే విధ్వంసాన్ని నేలమీద పరుగెత్తుతున్న బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు) కళ్లతో మళ్లీ చూపిస్తుంది. ఆ కొద్ది నిమిషాలు స్నైడర్ తీసిన వాటిలోకెల్లా పదునైనవి.

2025 సినిమా మరో కొసకు వెళ్లింది. భారీ రాక్షసి నగరం మీద పడి నడుస్తుంటే సూపర్‌మ్యాన్ ఒక ఉడుతను కూడా పక్కకు తప్పిస్తాడు. కొందరికి నవ్వొచ్చింది, కొందరికి చిరాకొచ్చింది. పన్నెండేళ్ల వాదనకు అది జవాబని తెలిసినవారికి ముచ్చటేసింది.

‘జస్టిస్ లీగ్’ రెండుసార్లు ఎందుకు వచ్చింది? ఆ మీసం సంగతేమిటి?

కుటుంబ విషాదంతో స్నైడర్ మధ్యలో తప్పుకోగా జాస్ వీడన్ తిరగ తీసి 2017లో విడుదల చేశారు. తిరగ తీసే సమయానికి కావిల్ వేరే సినిమా కోసం మీసం పెంచారు, గీయించుకోవడానికి వీల్లేదు. దాన్ని కంప్యూటర్‌తో చెరిపారు. పైపెదవి వింతగా మారి సినిమాకన్నా అదే ఎక్కువ పేరు తెచ్చుకుంది. అభిమానుల ఒత్తిడి ఫలించి 2021లో స్నైడర్ కూర్పు వచ్చింది. నిడివి 4 గంటలు, సూపర్‌మ్యాన్‌కు నల్ల దుస్తులు. రెండిట్లో స్నైడర్‌దే పొందికైనది, ఓపిక ఉంటే.

లెక్స్ లూథర్‌లలో ఎవరు మెరుగు?

ముందు ఒక తమాషా. 1978లో హాక్మన్ లూథర్ ఎడారి భూములు కారుచవకగా కొని, క్షిపణితో కాలిఫోర్నియా తీరాన్ని సముద్రంలో ముంచి, తన భూములను సముద్రతీరపు స్థలాలు చేసుకోవాలని చూస్తాడు. 2006లో కెవిన్ స్పేసీ లూథర్ క్రిప్టాన్ స్ఫటికాలతో సముద్రంలో ఏకంగా కొత్త ఖండాన్నే లేపుతాడు. 2025లో నికొలస్ హోల్ట్ లూథర్ రెండు దేశాల మధ్య యుద్ధం రగిలించేది కూడా, ఆక్రమించిన జర్హన్‌పూర్ దేశంలో సగం తనకు రాసిస్తారనే. ప్రపంచంలోకెల్లా తెలివైనవాడికి చివరికి కావలసింది భూమే! ప్లాట్ల కరపత్రాలు అందుకోకుండా వీధి దాటలేని హైదరాబాదు, విజయవాడ వాసులకు లూథర్‌ను అర్థం చేసుకోవడం ఎవరికన్నా తేలిక.

హాక్మన్ నవ్విస్తాడు, సినిమా అంతా విగ్గుతో తిరిగి బట్టతల చివర్లో చూపిస్తాడు. నా ఓటు మాత్రం హోల్ట్‌కు. అసూయ మనిషిని లోపల్నుంచి ఎలా తినేస్తుందో ఆ కళ్లలో కనబడుతుంది. జెస్సీ ఐజెన్‌బర్గ్ 2016 లూథర్ వేరే సినిమాలోంచి దారి తప్పి వచ్చినట్లుంటాడు.

లోయిస్ లేన్‌లలో?

రీవ్ సినిమాల్లో లోయిస్‌గా వేసిన కిడ్డర్‌లో చురుకుంది, ఏమీ అడ్డం కాదన్న దూకుడు ఉంది. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో ఎమీ ఆడమ్స్ వేసిన లోయిస్ అందరికన్నా తెలివైన పరిశోధకురాలు, కాని రెండో సగంలో రాసేవారికి ఆమెతో ఏం చేయాలో తోచలేదు. రేచల్ బ్రాస్నహన్‌కు 2025లో ఒక్క సన్నివేశం చాలింది. అప్పటికి మూడు నెలలుగా ఇద్దరూ ప్రేమలో ఉన్నారు, క్లార్క్ ఎవరో ఆమెకు తెలుసు. నిజంగా ఇంటర్వ్యూ చేస్తానని కూర్చుని, ఎవరి అనుమతితో మరో దేశపు యుద్ధంలో తలదూర్చావని నిలదీస్తుంది. జనం చనిపోతున్నారని సూపర్‌మ్యాన్ గొంతు పెంచుతాడు. ఎవరి వాదన సరైందో సినిమా తేల్చదు. ఇన్నేళ్లలో లోయిస్ విలేకరి అని మాటల్లో విన్నాం, పని చేస్తుండగా చూసింది అక్కడే.

భారత్‌లో చూసినవారికి ఆ సినిమాలో ఈ జంట మధ్య ఒక ముద్దు సన్నివేశం తెగినట్లు అనిపిస్తే అది సెన్సార్ కత్తెర. మెడలు విరిచే దృశ్యాలకు లేని అభ్యంతరం ముద్దుకెందుకో వాళ్లకే తెలియాలి.

ఎర్ర నిక్కరు పోయి మళ్లీ ఎందుకు వచ్చింది?

1930లలో సర్కస్ బలశాలులు, మల్లయోధులు వేసుకునే తీరు అది. కామిక్స్ 2011లో దాన్ని తీసేశాయి, 2013 సినిమా అదే దారి పట్టింది. 2018లో కామిక్స్‌లో తిరిగొచ్చింది. 2025 సినిమాలో ఉంచాలా వద్దా అని గన్ తటపటాయిస్తుంటే, కళ్లలోంచి నిప్పులు చిమ్మే మనిషిని చూసి పిల్లలు జడుసుకోకుండా ఉండాలంటే ఇలా రంగురంగులుగా ఉండాలని కొరెన్‌స్వెట్ వాదించారట. ఇంతకన్నా మంచి కారణం ఇంకెవరూ చెప్పలేదు.

సంగీతంలో ఎవరిది పైచేయి?

జాన్ విలియమ్స్ 1978లో కట్టిన బాణీ. 2006లోనూ, 2025లోనూ దాన్నే తలచుకోవలసి వచ్చింది, రెండోసారి గిటారు మీద. హన్స్ జిమ్మర్ 2013లో ఆ బాణీ జోలికి పోకుండా పియానోతో మెల్లగా మొదలై ఎదిగే సొంత బాణీ కట్టారు. ఆ సినిమాను తిట్టేవారు కూడా దాన్ని మాత్రం వింటారు.

తెలుగులో ఎన్టీఆర్ చేసిన సూపర్‌మేన్ దీని రీమేకేనా?

కాదు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీఆర్, జయప్రద నటించిన ‘సూపర్‌మేన్’ హాలీవుడ్ నుంచి పేరును, ఎగిరే వేషాన్ని తీసుకుంది. కథ మనది. ఇందులో క్రిప్టాన్ లేదు. కన్నవారిని పోగొట్టుకున్న పిల్లవాడు హనుమంతుణ్ణి వేడుకుంటే ఆ స్వామి శక్తులు ప్రసాదిస్తాడు. పెద్దయ్యాక హంతకుల మీద పగ తీర్చుకుంటాడు. అప్పటికి ఎన్టీఆర్‌కు 57 ఏళ్లు. రెండేళ్లలో పార్టీ పెట్టబోతున్నారు.

ఇద్దరు తండ్రుల కొలమానం ఇక్కడ పనిచేయదు, పనిచేయకపోవడమే అసలు విశేషం. అమెరికా కథలో బలం పుట్టుకతో వస్తుంది, దాన్ని ఎలా వాడాలో పెంపకం నేర్పుతుంది. మన కథలో బలం భక్తికి వరం, దాన్ని దేనికి వాడాలో తండ్రి చావే చెబుతుంది. కన్నతండ్రి రుణం తీర్చాల్సిన కొడుకు అక్కడ క్లార్క్ కెంట్ కాలేడు. ఆకాశంలో ఎగిరేవాడంటే మనకు ముందు తట్టేది హనుమంతుడే కనుక రచయితలు గ్రహాంతరం దాకా వెళ్లలేదు. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’ కూడా బలం కోసం ఆ గుమ్మమే తొక్కింది.

1987లో హిందీలోనూ ఒక సూపర్‌మ్యాన్ వచ్చాడు. వేసినవారు పునీత్ ఇస్సార్, తరవాత టీవీ మహాభారతంలో దుర్యోధనుడు. అది దాదాపు నకలే.

జార్జ్ రీవ్స్, క్రిస్టఫర్ రీవ్ బంధువులా? ఆ పాత్రకు శాపముందా?

బంధువులు కారు, ఇంటిపేర్లు కూడా వేరు. రీవ్స్ 1959లో తుపాకి గుండుతో మరణించారు. రీవ్ 1995లో గుర్రం మీదినుంచి పడి మెడ కింద చలనం కోల్పోయి, వెన్నుపాము గాయాల పరిశోధన కోసం గొంతెత్తి, 2004లో కన్నుమూశారు. రెండు విషాదాలను కలిపి శాపమనడం ఇద్దరికీ అగౌరవం. ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ తలవరు: 1978 సినిమాలో రైల్లో కూర్చున్న చిన్నారి లోయిస్ తల్లిదండ్రులుగా కనిపించేది తొలి సూపర్‌మ్యాన్ కర్క్ ఆలిన్, తొలి లోయిస్ నోయెల్ నీల్. 2025 సినిమాలో రీవ్ కుమారుడు విల్ టీవీ విలేకరిగా కాసేపు కనిపిస్తారు.

ఏ వరుసలో చూడాలి? పిల్లలకు ఏవి చూపించవచ్చు?

1978, 1980, తరవాత 2025. ఆ మూడూ నచ్చితే ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’కు వెళ్లండి, తేడా అప్పుడు బాగా తెలుస్తుంది. అన్నీ వరుసగా చూడాలన్న పట్టుదల అక్కర్లేదు. పిల్లలకు 1978 నిశ్చింతగా చూపించవచ్చు, మొదటి గంట నెమ్మదని గొణిగినా సరే. 2025 సినిమాలో క్రిప్టో అనే కుక్క వాళ్లను కట్టిపడేస్తుంది. అయితే లూథర్ ఒక అమాయకుణ్ణి తుపాకితో కాల్చేసే ఘట్టం ఉంది, చిన్నపిల్లలైతే పక్కన కూర్చోండి.

మొత్తం మీద ఎవరు ఉత్తమ సూపర్‌మ్యాన్?

క్లార్క్‌గా రీవ్, అందులో నాకు రెండో ఆలోచన లేదు. కొరెన్‌స్వెట్ ఆయనకు దగ్గరగా వచ్చింది మంచితనంతో కాదు, కోపంతో. తన మంచితనాన్ని శంకిస్తే ఉక్రోషం వచ్చే సూపర్‌మ్యాన్‌ను అంతకు ముందు చూడలేదు. ఆ సినిమా మొదలే తొలిసారి ఓడి మంచులో వచ్చి పడడంతో. కావిల్‌కు రూపం, ఒంటరితనం రెండూ ఉన్నాయి. మనుషులతో మామూలుగా మాట్లాడే సన్నివేశాలు నాలుగు రాసిచ్చి ఉంటే లెక్క మారేదేమో.

తరవాతి సినిమా ఎప్పుడు?

కొరెన్‌స్వెట్, హోల్ట్‌లతోనే ‘మ్యాన్ ఆఫ్ టుమారో’ తీస్తున్నట్లు గన్ ప్రకటించారు. విడుదల 2027 జులైలో అన్నారు. ఇంకా పెద్ద ముప్పు వచ్చిపడి సూపర్‌మ్యాన్, లూథర్ చేతులు కలపాల్సి వస్తుందట. ప్రతిఫలంగా లూథర్ ఈసారి ఎన్ని ఎకరాలు అడుగుతాడో చూడాలి.